చేతితో నేర్చిన విద్య: మైకేలు ఫారడే జీవితము

పదునాలుగేండ్ల బాలుడు సుత్తియో కత్తెరయో చేతబట్టినచో చేయి తెగునని తల్లి వెఱచును. చదువు చెడునని తండ్రి కోపించును. ఈ రెండు భయములును ప్రేమవలన బుట్టినవే. అయినను వానివలన బాలునకు మేలు కలుగుట లేదు. పుస్తకములోని సంగతిని పొల్లుపోకుండ అప్పగింపగల కుర్రవాడు, అది నిజమో కాదో నీవే చేసి చూడుమనగానే తెల్లబోవుట మేము పెక్కు తావుల చూచియున్నాము. మేము చదివిన పాఠశాలలో ప్రకృతిశాస్త్ర పరికరములు గల అద్దాల బీరువా యొకటి యుండెడిది. పరీక్షాధికారి వచ్చునాడు దానికి దుమ్ము దులిపెడివారు. తక్కిన దినములలో తాళము వ్రేలాడుచుండెడిది. ఆ యద్దములగుండ లోనికి తొంగిచూచుటయే మా విజ్ఞానశాస్త్రాభ్యాసము. ఈ కాలపు పిల్లలలో ఆత్మవిశ్వాసము లేదని పెద్దలు వాపోవునపుడెల్ల మాకు ఆ బీరువా జ్ఞప్తికి వచ్చును. దానితోపాటు, బడిచదువు సరిగా లేని ఒక కమ్మరివాని కొడుకు వృత్తాంతమును జ్ఞప్తికి వచ్చును. ఆ వృత్తాంతమును నేడు పాఠకులకు వినిపింపదలచితిమి.

మైకేలు ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండను నగరమున కానుకొనియున్న న్యూయింగ్టను బట్సు అను చోట జన్మించెను. తండ్రి జేమ్సు ఫారడే ఇంగ్లండు ఉత్తరభాగమునుండి పొట్టకూటికై వలసవచ్చిన కమ్మరి. దేహబలము చాలనివాడు; కొలిమికడ నిలువలేని దినములు తఱచు. పిల్లలు నలుగురు. 1801లో ధాన్యపు ధరలు మండిపోయినపుడు మైకేలు వంతునకు వారమునకొక రొట్టె వచ్చెడిది; దానిని ఏడు దినములకు సరిపెట్టుకొనవలసియుండెను. చదువన్ననో, చదువుట, వ్రాయుట, కొలదిపాటి లెక్కలు. అంతకు మించి లేదు. బాల్యమున వానికి రేఫము పలుకదు. అన్న పేరైన రాబర్టు అను మాటయే నోట సరిగా వచ్చెడిది కాదు. ఇందుకు కోపించి బడిపంతులమ్మ అన్నచేతికే అర్ధపెన్నీ యిచ్చి, తమ్ముని గొట్టుటకు బెత్తము కొనితెమ్మని పంపినదనియు, రాబర్టు ఆ నాణెమును గోడ యవతలకు విసరివైచి తల్లితో చెప్పగా ఆమె బిడ్డల నిద్దఱిని ఆ బడి మాన్పించినదనియు చెప్పుదురు. బెత్తముచేత రేఫమును పలికింపవచ్చునను నమ్మకము ఒక్క ఇంగ్లండునకే చెందినది కాదని పాఠకు లెఱుగుదురు.

1804లో, పదుమూడవ యేట, బ్లాండుఫర్డు వీథిలో పుస్తకము లమ్ముచు, వానికి అట్టలు కట్టించుచు జీవించు జార్జి రీబో అనునతని దుకాణమున మైకేలు పనికి కుదిరెను. మొదట వాని పని వార్తాపత్రికలు మోయుట. ఆ కాలమున పత్రికల వెల హెచ్చు. ఒక్క ప్రతిని రీబో పలువురకు చదువనిచ్చెడివాడు. ఒక యింట నిచ్చి, మఱల దీసికొని, వేఱొక యింటికి పరుగిడవలెను. ఆ కుటుంబము ఒక చిన్న క్రైస్తవశాఖకు చెందినది; ఆదివారపు ప్రార్థన తప్పరాదు. అందుచే ఆదివారములందు వేకువనే బయలుదేఱి ఇల్లిల్లు తిరిగెడివాడు. విజ్ఞానలోకమునకు గురువైనవాడు మొదట పత్రికలు మోసినవాడని చెప్పుకొనుట మావంటివారికి కొంత గర్వము. పాఠకులు క్షమింతురు గాక. కుర్రవాని నడవడికి సంతసించి రీబో 1805 అక్టోబరు 7వ తేదీన వానిని ఏడేండ్ల శిష్యరికమునకు చేర్చుకొనెను. అట్టి శిష్యరికమునకు తలిదండ్రులు రొక్కము చెల్లించుట ఆ దేశాచారము. ఆ రొక్కమును రీబో అడుగలేదు.

అట్టలు కట్టుట చిన్న పని కాదు. అచ్చయిన ఫారములను వరుస తప్పకుండ మడచవలెను, దారముతో కుట్టవలెను, అంచులు సమముగ కోయవలెను, తోలు అతికి, దానిపై బంగారురేకుతో పేరు ముద్రింపవలెను. ఒక్క మడత తప్పినచో గ్రంథమంతయు చెడును. ఏడేండ్లు ఈ పని చేసిన చేతులకు ఓర్పును కొలతయు అలవడినవి. కట్టవచ్చిన పుస్తకములను మైకేలు చదువజొచ్చెను. ఇందు వింత లేదు. పుస్తకముల దుకాణమున చదువరి యగుట తేలిక. వింత యేమనగా, చదివినదానిని చదివినంత మాత్రమున నమ్మకపోవుట. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా అను విజ్ఞానసర్వస్వము అట్ట కట్టుటకు వచ్చినపుడు అందలి విద్యుద్విషయక వ్యాసము వాని కంటబడెను. జేను మార్సెట్టు అను విదుషీమణి సంభాషణరూపమున రసాయనశాస్త్రమును బోధించుచు, 1806లో తన పేరు చెప్పకయే ప్రకటించిన పుస్తకమును వాని చేతికి వచ్చెను. ఈ రెండును ఆ బాలుని జీవితమును మార్చినవి.

పుస్తకములో చెప్పబడిన పరీక్షలను తన శక్తికొలది చేసి చూడవలెనని సంకల్పించెను. ఆ శక్తి యెంత? వారమునకు కొలది పెన్నీలు. గాజుసీసా యొకటి సంపాదించి, దానిని త్రిప్పుచు రాపిడిచే విద్యుత్తు పుట్టించు యంత్రమును తానే చేసికొనెను. తరువాత నిజమైన గాజుస్తంభముతో మఱొక యంత్రము చేసెను. కొలది మందులు కొని రసాయన పరీక్షలు చేసెను. ఇవన్నియు పగటి పని ముగిసిన పిమ్మట దుకాణములోనే. రీబో అడ్డుచెప్పలేదు. విలువైన పుస్తకములును కాగితములును నిండిన దుకాణమున ఒక కుర్రవాడు నిప్పుతోను ఆమ్లములతోను ఆటలాడుట చూచియు నోరు మెదపని యజమాని ఎంతటివాడో, దుకాణము నడుపు పాఠకులు ఊహింపగలరు. రీబో శాస్త్రజ్ఞుడు కాడు. ఆ కుర్రవానికి ఒక మూలను, కొంత తీరికను విడిచిపెట్టెను. అంతమాత్రమే.

ఈ యంత్రములవలన మైకేలునకు కలిగిన లాభ మేమి? విద్యుత్తునుగూర్చి అతడపుడు నేర్చినది లోకమునకు క్రొత్త గాదు. నిప్పురవ్వ ఎగురునని పుస్తకము చెప్పినది, ఎగిరినది. కాని ఆ రవ్వ అతని చేతిలో నెగిరినది. వృద్ధాప్యమున, మార్సెట్టమ్మగారికి తా నెంత ఋణపడితినో తలచుకొన్నపుడు ఆయన చెప్పిన సంగతి ఇదియే: తాను బాల్యమున ఊహాశీలి, అరేబియా కథలను సైతము విజ్ఞానసర్వస్వముతో సమానముగ నమ్మువాడు, అయితే ఆ పుస్తకములోని మాటలను చిన్న చిన్న పరీక్షలచే సరిచూడగా నిజమని తేలినపుడు తన కాలి క్రింద గట్టినేల దొరకినట్లయ్యెనని ఆయన భావము. పెద్దలు వీపు తట్టి శెభాషనుటవలన కలుగు ధైర్యము పెద్దలు ముఖము త్రిప్పుకొనగానే పోవును. తన చేతితో చేసి, తన కంటితో చూచినదానివలన కలుగు ధైర్యము అట్లు పోదు. కీర్తి వచ్చిన పిదప ఆయన తన పరిశోధన గ్రంథములను ఆ విదుషీమణికి పంపెడివాడు. తనకు విద్య నేర్పిన తొలి గురువు స్త్రీ యని చెప్పుటకు ఎన్నడును సిగ్గుపడలేదు.

శాస్త్రముతోపాటు చిత్రకళయు ఆ దుకాణముననే లభించెను. రీబో ఇంట మాస్కరియే అను చిత్రకారుడు అద్దెకుండెను. మైకేలు అతని గది ఊడ్చి, బూట్లకు నల్లరంగు పూసి, అందులకు మాఱుగ దూరపు వస్తువులను దూరముగను దగ్గఱి వస్తువులను దగ్గఱగను చూపు చిత్రలేఖనవిధానమును నేర్చుకొనెను. ఇది విలాసమునకు నేర్చినది కాదు. 1810లో టాటం అను వెండిపనివాడు డార్సెటు వీథిలోని తన యింట ప్రకృతిశాస్త్రమునుగూర్చి సాయంకాలోపన్యాసము లిచ్చెడివాడు. ప్రవేశమున కొక షిల్లింగు. ఆ షిల్లింగు మైకేలు వద్ద లేదు. తండ్రి వృత్తిలో ప్రవేశించిన అన్న రాబర్టు, కొలిమికడ తాను సంపాదించినదానిలోనుండి తమ్మునకు ఇచ్చెను. మున్ను అర్ధపెన్నీని గోడపై విసరిన రాబర్టే వీడు. అక్కడ చూపబడిన యంత్రములను తమ్ముడు తాను నేర్చిన విధానమున చిత్రించి, ఉపన్యాసములను శుద్ధప్రతి వ్రాసి, నాలుగు సంపుటములుగ తానే అట్ట కట్టి, వానిని యజమానుడైన రీబోకు అంకితమిచ్చెను. యంత్రమును చిత్రింపవలెనన్నచో దాని ప్రతి భాగము ఎందులకున్నదో తెలియవలెను. తెలియని భాగమువద్ద కలము ఆగిపోవును. వినుటచే సగము మాత్రమే తెలిసినదని తెలుపుట చిత్రలేఖనమువలన కలుగు మేలు.

ఆ సంపుటములను రీబో దుకాణమునకు వచ్చువారికి గర్వముతో చూపెడివాడు. ఆ విధముగ అవి రాయలు ఇన్‌స్టిట్యూషను సభ్యుడైన డాన్సు అనునతని దృష్టికి వచ్చినవి. 1812లో సర్ హంఫ్రీ డేవీ ఆ సంస్థలో నిచ్చు ఉపన్యాసములకు నాలుగింటికి అతడు మైకేలునకు టిక్కెట్టు లిచ్చెను. మేడ వరుసలో, గడియారమునకు పైభాగమున కూర్చుండి ఇరువదియేండ్ల యువకుడు వ్రాసికొనెను. ఇంటికి వచ్చి విస్తరించి, బొమ్మలు చేర్చి, దానికిని అట్ట కట్టెను. ఆ వేసవిలోనే అర్ధపెన్నీ నాణెములంత తుత్తునాగపు బిళ్లలు ఏడు కోసి, వాని నడుమ రాగి నాణెములను, ఉప్పునీట తడిపిన కాగితములను పేర్చి, వోల్టా చేసినట్టి విద్యుద్రాశి నొకదానిని తయారుచేసెను. దానితో భేది ఉప్పు ద్రావణమును విడగొట్టగలిగినపుడు స్నేహితుడైన బెంజమిను ఆబట్టునకు వ్రాసిన లేఖలో ఆ సంతోషము పట్టరానిదై పొంగిపొరలుచుండును.

1812 అక్టోబరులో శిష్యరికము ముగిసెను. తండ్రి అంతకు రెండేండ్లు ముందే గతించెను. ఫారడే వేఱొక యజమాని వద్ద కూలికి కుదిరెను. ఆ యజమాని రీబో వంటివాడు కాడు. విజ్ఞానసేవలో ఎంత చిన్న పని యైనను చాలునని రాయలు సొసైటీ అధ్యక్షుడు సర్ జోసెఫు బ్యాంక్సునకు పూర్వమే విన్నపము వ్రాసియుండెను. వాకిటికి పలుమాఱు పోయి యడుగగా, ప్రత్యుత్తరము లేదని ద్వారపాలకుడు చెప్పెనట. సాధారణముగ బీద యువకుని కథ ఇచ్చటనే ముగియును. అతడు కుంగిపోలేదు. డిసెంబరులో డేవీకి వ్రాసి, ఆయన ఉపన్యాసములను తాను వ్రాసి కుట్టిన పుస్తకమును లేఖతోపాటు పంపెను. సిఫారసు చేయుటకు బంధువులు లేరు, చూపుటకు పట్టములు లేవు. చేతిపని యొక్కటి యుండెను. డేవీ పిలిపించి, ఆదరముతో మాటలాడి, అట్టల పని విడువవద్దని హితవు చెప్పెను. తరువాత కొలది వారములకు ప్రయోగశాల సేవకుడు కలహించి కొట్టినందుకు తొలగింపబడగా, ఆ స్థానమునకు 1813 మార్చి 1వ తేదీన ఫారడే నియమింపబడెను. జీతము వారమునకు ఇరువదియైదు షిల్లింగులు, మేడపై రెండు గదులు, చలిమంటకు బొగ్గు, క్రొవ్వొత్తులు.

ఆ యేటి అక్టోబరు మొదలు 1815 ఏప్రిలు వఱకు డేవీ దంపతులతో ఐరోపాఖండమును తిరిగి, ఆంపేరు, వోల్టా మొదలగు మహనీయులను చూచెను. డేవీ భార్య ఆతనిని పనివానిగ చూచుటచే మనసు విఱిగి, తిరిగి పోదమా యని తలచిన దినములు గలవు. నేర్చుకొనవలసినది మిగిలియున్నదని ఓర్చుకొనెను. తిరిగివచ్చిన తరువాత తన వంటి యువకులతో సమావేశములు జరుపుచు, వ్యాసములు వ్రాసి పరస్పరము దిద్దుకొనుచు, ఉచ్చారణకు గురువును పెట్టుకొనుచు పదియేండ్లు శ్రమించెను. వాక్పటుత్వము ఫారడేకు పుట్టుకతో వచ్చినదని అనుకొనువారు ఆ రేఫము సంగతి మఱువరాదు. ప్రసిద్ధుడైన పిమ్మటను ఉపన్యసించునపుడు ఎదుట నెమ్మదియను అట్టముక్క యుంచుకొనెడివాడు.

1821లో విద్యుత్తునకును అయస్కాంతమునకును గల సంబంధముపై ఒక చరిత్ర వ్రాసి యిమ్మని ఒక శాస్త్రపత్రిక సంపాదకుడు కోరెను. చరిత్ర వ్రాయుటకు గ్రంథములు తిరుగవేసిన చాలును. ఫారడే అట్లు చేయలేదు. అంతవఱకు ఇతరులు చేసిన పరీక్షల నన్నిటిని తన చేతితో మఱల చేసి చూచెను. రీబో దుకాణపు అలవాటు ముప్పదవ యేటను విడువలేదన్నమాట. అట్లు చేయుచుండగానే సెప్టెంబరు మాసమున పాదరసపు గిన్నెలో నిలిపిన అయస్కాంతముచుట్టు విద్యుత్తు ప్రవహించు తీగ గిఱ్ఱున తిరుగుట కనుగొనెను. విద్యుత్తుచే యంత్రము త్రిప్పుటకు మూలమిదియే. భార్యయైన సారా తమ్ముడు, పదునాలుగేండ్ల జార్జి బర్నార్డు, ఆ దినములలో ప్రయోగశాలకు వచ్చుచుండెడివాడు. తీగ తిరుగగానే బావగారు బల్లచుట్టు చిన్నపిల్లవానివలె గంతులిడెనని అతడు పెద్దవాడైన పిదప చెప్పుచుండెను.

ఆ సంతోషము ఎన్నాళ్లో నిలువలేదు. వొల్లాస్టను అను పెద్ద శాస్త్రజ్ఞుని యూహను ఫారడే అపహరించెనని వదంతి బయలుదేఱెను. ఆయన తొందరపడి ప్రకటించుటయు, వొల్లాస్టను పేరు చెప్పకపోవుటయు పొరపాట్లని మేమును ఒప్పుకొందుము. దొంగతనమన్న మాట మాత్రము అన్యాయము. ఫారడే తలదాచుకొనలేదు. వొల్లాస్టనునే కలిసి సంగతి విన్నవించి సమాధానపడెను. తన్ను పైకి దెచ్చిన డేవీయే రాయలు సొసైటీ సభ్యత్వమునకు అడ్డుపడెను. అయినను 1824 జనవరిలో ఒక్క వ్యతిరేకపు వోటుతో ఎన్నిక జరిగెను. డేవీని ఫారడే జీవితాంతమువఱకు గురువుగనే తలచెను.

1831 ఆగస్టు 29వ తేదీన ఆయన చేసిన పనిని కొంత వివరముగ చెప్పవలెను. ఆఱంగుళముల మేర వెడల్పుగల మెత్తని యినుప కడియము నొకదానిని తీసికొని, రెండు ప్రక్కల వేఱు వేఱుగ రాగితీగ చుట్టెను. నేటివలె పూతపూసిన తీగ ఆనాడు దొరకదు. చుట్టునకు చుట్టునకు నడుమ దారము వేసి, వరుసకు వరుసకు నడుమ గుడ్డ పఱచెను. ఈ దారము, ఈ గుడ్డ, ఈ ఓపిక ఎచ్చటివో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఒక ప్రక్క చుట్టలో విద్యుత్తును పోనిచ్చినంతనే, దానితో సంబంధములేని రెండవ ప్రక్కకు చేర్చిన సూచి యొకమాఱు కదలెను. ఆపినపుడు మఱల కదలెను. కొన్ని వారములలో అయస్కాంతమును తీగచుట్టలోనికి త్రోసియు లాగియు విద్యుత్తు పుట్టించుట, రాగిపళ్లెమును అయస్కాంతపు కొనల నడుమ త్రిప్పి ఎడతెగని ప్రవాహమును పొందుట సాధ్యమైనవి. మన మెట్టపొలములలో బావినీరు తోడు విద్యుత్తు మోటారును, దానికి విద్యుత్తు పంపు ఉత్పాదకయంత్రమును ఈ రెండు పరిశోధనల సంతతియే.

ఇన్ని చేసినవానికి గణితము రాదు. ఆయన గ్రంథములలో సమీకరణములు కానరావు. అందులకు మాఱుగ బొమ్మలున్నవి. కాగితముక్రింద అయస్కాంత ముంచి, పైన ఇనుపరజను చల్లినపుడు ఏర్పడు వంపుగీతలను ఆయన బలరేఖలని పిలిచి, ఆకాశమంతయు అట్టి రేఖలతో నిండియున్నట్లు మనోనేత్రముతో చూచెను. గణితవేత్తలు పలువురు నవ్విరి. తరువాత మాక్సువెల్లు 1855 మొదలుగ ఆ బొమ్మలనే గణితభాషలోనికి దింపెను. మాస్కరియే బూట్లు తుడిచి నేర్చిన చిత్రలేఖనమే ఇందులకు కారణమని మేము నిర్ణయింపజాలము. చేతితో గీయుట మరగినవాడు కనుకనే కంటికి కానరానిదానిని గీచి చూడవలెనని తోచెనని మాత్రము మా యభిప్రాయము. చిత్రకారుల స్నేహము ఆయనకు మెండు. టర్నరు మొదలగు ప్రసిద్ధ చిత్రకారులు రంగుల గుణములనుగూర్చి అడిగినపుడు, నా మాట నమ్మకుడు, రంగు పూసి సగము కప్పి ఎండలో నుంచి మీరే చూచుకొనుడను భావముతో బదులిచ్చెడివాడు. గంతులు చూచిన జార్జి బర్నార్డు ప్రకృతిదృశ్యములు చిత్రించు కళాకారుడయ్యెను.

ఇక బాలుర యుపన్యాసములు. రాయలు ఇన్‌స్టిట్యూషనులో 1825 మొదలు ఏటేట క్రిస్మసు సెలవులలో పిల్లలకొఱకు ఉపన్యాసమాల జరిగెడిది. 1827 నుండి 1860 వఱకు ఫారడే పందొమ్మిది మాలలు నిర్వహించెను. పిల్లలు ముందు వరుసలలో, పెద్దలు వెనుక. 1855లో రాణి భర్తయు యువరాజును వచ్చి ఆ బల్లలమీదనే కూర్చుండిరి. అయస్కాంతశక్తిని చెప్పునపుడు బొగ్గుతట్టను, పట్టుకారును పెద్ద విద్యుదయస్కాంతముపైకి విసరి, అవి అంటుకొనగా పిల్లలు కేకలిడుట చూచి ఆనందించెడివాడని చూచినవారు వ్రాసిరి. కడపటి మాల క్రొవ్వొత్తినిగూర్చినది. బంగారపు పరికరములు కావు. ప్రతి యింట నుండు క్రొవ్వొత్తి. ఆర్పిన వత్తినుండి లేచు పొగకు నిప్పు చూపగా జ్వాల గాలిలోనుండియే దుమికి వత్తి నంటుకొనును. జ్వాల నడుమ సన్నని గాజుగొట్ట ముంచినచో లోపలి ఆవిరి రెండవ కొననుండి వచ్చి మండును. మండుట యననేమో, గాలి యననేమో, నీరెట్లు పుట్టునో చెప్పి, తుదకు మన ఊపిరియు ఒక విధమైన దహనమే యని చూపుచు ముగించెను. ఇందు పెక్కింటిని ఇంటికి పోయి మీరే చేయవచ్చునని పిల్లలకు చెప్పుచు, నిప్పుతో ఎట్లు జాగ్రత్తపడవలెనో గూడ నేర్పెడివాడు. అపాయమున్నదని తాళము వేయలేదు.

ఆయనకు సంతానము లేదు. ఇంట పెరిగిన భార్య మేనకోడలు పనిచేయు వేళ కదలక మెదలక ప్రయోగశాలలో కుట్టుపని చేసికొనుచుండగా, నడుమ నడుమ నీటిపై పొటాసియము తునుక వేసి, అది మండుచు పరుగెత్తుట చూపి నవ్వించెడివాడు. 1853లో బల్లలు వాటంతట నవియే తిరుగునను వెఱ్ఱి ఇంగ్లండున ప్రబలినపుడు చిన్న పరికర మొకటి చేసి, కూర్చున్నవారి చేతులే వారికి తెలియకుండ బల్లను త్రోయుచున్నవని నిరూపించెను. మఱుసటి యేట మానసికశిక్షణమునుగూర్చి ఉపన్యసించుచు, తన తీర్పును తానే అనుమానించి సరిచూచుకొనుట నేర్వవలెనని చెప్పెను. 1862లో పెద్ద పాఠశాలల విచారణసంఘము ఎదుట సాక్ష్యమిచ్చుచు, ధనికుల బిడ్డలకు ప్రకృతిశాస్త్రము బొత్తిగా నేర్పకపోవుట తప్పని విచారపడెను. పిల్లలకు అర్థము కాదను మాటను ఆయన అంగీకరింపలేదు. ముప్పదియేండ్లకు పైగా ముందు వరుసలోని ముఖములను చూచినవాడు.

ఒక లోపమును దాచుట మాకు సమ్మతము కాదు. వేలకొలది పిల్లలకు ఉత్సాహము కలిగించిన ఫారడే తన ప్రయోగశాలలో తన యంతటివానిని ఒక్కనిని తయారుచేయలేదు. చిరకాలము తోడుగనున్న ఆండర్సను అను విశ్రాంత సార్జెంటు చెప్పినట్లు చేయు సహాయకుడు, శిష్యుడు కాడు. డేవీ తనకు తెఱచిన తలుపువంటి తలుపును ఫారడే మఱొక కుర్రవానికి తెఱువలేదు. ఒంటరిగ తలచుటయు, తన చేతితోనే చేయుటయు ఆయనకు స్వభావము. చేతిపని యిచ్చిన ధైర్యమే ఆయనను ఇతరుల చేతులకు పని అప్పగింపనీయలేదేమో. రీబోకు తెలిసినది ఈ యొక్క విషయమున ఫారడేకు తెలియలేదని మేము తలతుము.

వయసు మీఱిన కొలది జ్ఞాపకశక్తి తగ్గెను. సర్ బిరుదమును, రాయలు సొసైటీ అధ్యక్షపదవిని నిరాకరించెను. 1858లో హాంప్టను కోర్టుకడ రాణి యిచ్చిన యింట వసించెను. 1860-61 శీతకాలమున అఱువదితొమ్మిదేండ్ల వయసున క్రొవ్వొత్తి యుపన్యాసములు ముగించి, ఇక పిల్లల కెదుట నిలువజాలనని 1861లో విడిచిపెట్టెను. ఆ యుపన్యాసములు 1939 మొదలు 1942 వఱకు యుద్ధకాలమున తప్ప ఏటేట జరుగుచునే యున్నవి. 1867 ఆగస్టు 25వ తేదీన తన కుర్చీలో కూర్చుండియే ఫారడే కన్నుమూసెను. హైగేటు శ్మశానమున ఆయన సమాధిపై పేరును, పుట్టిన తేదీయు, గతించిన తేదీయు మాత్రము చెక్కబడియున్నవి.